నూరేళ్లు దాటినా విధి నిర్వహణలోనే: సింగపూర్ హిల్ స్ట్రీట్ అగ్నిమాపక కేంద్రం చరిత్ర

దేశవ్యాప్తంగా ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 వరకు అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. 1944 ఏప్రిల్ 14వ తేదీన బొంబాయి విక్టోరియా డాక్‌లో లంగరు వేసి ఉన్న ఫోర్ట్ స్టికీన్ అనే సరుకుల ఓడలో మంటలు చెలరేగి, అందులోని పేలుడు పదార్థాలు రెండు పర్యాయాలు విస్ఫోటం చెందిన దుర్ఘటనలో 66 మంది అగ్నిమాపక సిబ్బంది ప్రాణత్యాగం చేశారు. వారి స్మృత్యర్థమే ఈ వారోత్సవాల నిర్వహణ. ఈ ఏడు రోజులలో కొత్త శకటాల గురించి, నిచ్చెనల ఎత్తు గురించి, ఆసుపత్రులలోనూ పాఠశాలలలోనూ చేపట్టే అవగాహన కార్యక్రమాల గురించి పత్రికలలో విరివిగా వార్తలు వెలువడడం పరిపాటి. ఆ శకటాలు నిలిచే భవనాల ప్రస్తావన మాత్రం అరుదు. నగరాలు విస్తరించే కొద్దీ రద్దీ కూడళ్లలో చిక్కుకుపోయిన పాత అగ్నిమాపక కేంద్రాలను కూల్చాలా, తరలించాలా, ఉన్నచోటనే కొనసాగించాలా అనే ప్రశ్న పురపాలక అధికారులకు తరచు ఎదురవుతూనే ఉంటుంది. ఈ ప్రశ్నకు ఆచరణలో ఒక సమాధానం చెప్పిన భవనంగా సింగపూర్‌లోని హిల్ స్ట్రీట్ కేంద్ర అగ్నిమాపక కేంద్రాన్ని పేర్కొనవచ్చు. 1909లో విధులలోకి వచ్చిన ఈ భవనం 1998లో జాతీయ స్మారక కట్టడంగా ప్రకటింపబడింది. అయినా దానికి విశ్రాంతి లభించలేదు. నేటికీ అక్కడి నుంచి అగ్నిమాపక శకటాలు బయలుదేరుతూనే ఉన్నాయి.

కొండ దిగువన వీధి

హిల్ స్ట్రీట్ అనే పేరు ఆ వీధిని ఆనుకొని ఉన్న ఫోర్ట్ కానింగ్ గుట్ట వల్ల వచ్చింది. గుట్టపై 1861 నాటికి పూర్తయిన కోటకు భారత గవర్నర్ జనరల్‌గానూ, తొలి వైస్రాయ్‌గానూ పనిచేసిన కానింగ్ ప్రభువు పేరు పెట్టారు. ఇది యాదృచ్ఛికం కాదు. 1867 ఏప్రిల్ 1వ తేదీన బ్రిటిష్ వలస వ్యవహారాల శాఖ అధీనంలోకి వెళ్లేంత వరకు సింగపూర్ పరిపాలన కలకత్తా నుంచే సాగింది. ఆ కారణంగానే మన దేశంలో శిక్షలు పడిన ఖైదీలను సింగపూర్‌కు పంపడం కూడా జరిగేది. బెంకూలెన్ నుంచి తరలించిన మద్రాసు ఖైదీల తొలి బృందం 1825 ఏప్రిల్ 18న సింగపూర్ చేరింది. వారి సంఖ్య 80. మరి కొద్ది రోజులకే బెంగాలు ఖైదీలు వచ్చారు. మద్రాసు ప్రెసిడెన్సీలో నాడు కోస్తా, రాయలసీమ ప్రాంతాలు అంతర్భాగమైన విషయం విదితమే.

రోడ్లు వేయడం, చిత్తడి నేలలు పూడ్చడం, ఇటుకలు కాల్చడం, భవనాలు కట్టడం ఈ ఖైదీలకు అప్పగించిన పనులు. హిల్ స్ట్రీట్‌కు కూతవేటు దూరంలో ఉన్న సెయింట్ ఆండ్రూస్ కథీడ్రల్ వారి శ్రమ ఫలితమే. దాని గోడలకు పూసిన గచ్చును అక్కడివారు నేటికీ 'మద్రాసు సున్నం' అనే వ్యవహరిస్తారు. గవ్వ సున్నంలో కోడిగుడ్ల తెల్లసొన, ముతక చక్కెర కలిపి, కొబ్బరి పీచు నానబెట్టిన నీటితో మెదిపి పూసే ఆ పద్ధతి మన పాత మేస్త్రీలకు కొత్తది కాదు. సెరంగూన్ రోడ్డులోని ప్రభుత్వ ఇటుక బట్టీలలో ఖైదీలు తయారు చేసిన ఇటుకలకు 1867 ఆగ్రా ప్రదర్శనలో పతకం కూడా లభించింది. పట్టణంలో నిప్పంటుకున్నపుడు నీళ్లు మోయడానికి, పక్క ఇళ్లు పడగొట్టి మంటలకు దారి లేకుండా చేయడానికి కూడా పలుమార్లు ఈ ఖైదీలనే పిలిపించేవారు. వృత్తిగా అగ్నిమాపక దళం ఏర్పడక మునుపు మంటలతో పోరాడినవారు పోలీసులు, సిపాయిలు, ఓడరేవు నావికులు, ఖైదీలు మాత్రమే.

మంటలకు అనువైన పట్టణం

1819లో రాఫెల్స్ నెలకొల్పిన వర్తక స్థావరం పదేళ్లు తిరిగేసరికి కిక్కిరిసిన పట్టణమైంది. 1822లో రూపొందిన పట్టణ ప్రణాళిక వర్తక వీధులలో ఇళ్లను ఇటుకతో కట్టి పెంకు కప్పాలనీ, ప్రతి ఇంటి ముందూ ఎడతెగని వసారా వదలాలనీ నిర్దేశించింది. అయిదడుగుల వసారాలుగా పేరొందిన ఈ నడవలు ఇప్పటికీ సింగపూర్ పాత వీధులకు గుర్తు. అయితే నియమం ఒకటి, ఆచరణ మరొకటి. కింద దుకాణం, పైన నివాసంగా ఉండే ఇళ్లు ఒకదానికొకటి ఆనుకొని వరుసలుగా పెరిగాయి. ముందు భాగం ఇటుకే అయినా లోపల కొయ్య మెట్లు, కొయ్య అంతస్తులు, కొయ్య అడ్డుగోడలు. నదీ తీరంలోని గిడ్డంగులలో ఎండుకొబ్బరి, నూనెలు, ఆ తరువాతి కాలంలో రబ్బరు నిల్వలు. పట్టణం అంచులలో నిపా తాటాకు కప్పిన గుడిసెలు. ఇళ్లలో దీపాలు, వంట పొయ్యిలు. చైనీయుల నూతన సంవత్సర వేడుకలకు టపాకాయలు.

1830 ఫిబ్రవరిలో ఫిలిప్ స్ట్రీట్ పరిసరాలలో రేగిన మంటలు రోజుల తరబడి ఆరలేదు. ఆ సమయాన ఊరిలో పనికివచ్చే నీటి యంత్రం లేకపోవడం ప్రధాన లోపంగా తేలింది. అయినప్పటికీ వ్యవస్థ ఏర్పడడానికి దశాబ్దాలు పట్టింది. 1869లో అగ్నిమాపక సంఘం ఏర్పాటు కాగా, శిక్షణ పొందిన సిబ్బంది, పరికరాలతో కూడిన దళం 1888లో గానీ అవతరించలేదు. ఈ ఆలస్యానికి సింగపూర్ ఒక్కటే ఉదాహరణ అనలేం. బొంబాయిలో సైతం మొదట అగ్నిమాపక బాధ్యతలను పోలీసులకే అప్పగించారు. ఆస్తి నష్టం జరిగిన ప్రతిసారీ ఆందోళన, కొన్ని నెలలకే మరపు అన్న ధోరణి నాటి పురపాలక సంఘాలన్నిటా కనిపిస్తుంది.

నాడు నిప్పు వార్తను ఊరికి తెలిపే సాధనం కోట ఫిరంగి. ఫోర్ట్ కానింగ్ మీది నుంచి ఫిరంగి మోగితే ఎక్కడో ఇల్లు తగలబడుతున్నదని జనం గ్రహించేవారు. ఎక్కడన్నది తెలుసుకోవడానికి మళ్లీ పొగ కోసం వెదకవలసిందే. గుర్రాలు లాగే ఆవిరి పంపులు ఘటనా స్థలానికి చేరేసరికి చాలా సమయం గడిచిపోయేది. గుర్రాలకు జీను బిగించాలి, బాయిలరులో నిప్పు రాజేసి ఆవిరి పుట్టించాలి, ఇరుకు వీధులలో బండ్లను తప్పించుకుంటూ సాగాలి. ఆవిరి సిద్ధమైనా కుళాయిలలో నీటి ఒత్తిడి చాలకపోతే పంపు నిరుపయోగం. ఈ చివరి సమస్య తరువాతి చరిత్రలోనూ మాటిమాటికీ ఎదురవుతుంది.

మాంటేగ్ పెట్ రాక

1905 ప్రాంతంలో మాంటేగ్ విలియం పెట్ అనే ఆంగ్లేయుడు సింగపూర్ అగ్నిమాపక దళానికి సూపరింటెండెంటుగా వచ్చారు. అగ్నిమాపక వృత్తిలోనే తర్ఫీదు పొంది ఆ పదవిని చేపట్టిన తొలి అధికారి ఆయనే. అంతవరకు ఈ దళం ఇతర శాఖలవారి పర్యవేక్షణలో అదనపు బాధ్యతగా నడిచింది. దళానికి సరైన భవనం, సరైన యంత్రాలు, సరైన శిక్షణ ఒకేసారి సమకూరనిదే ప్రయోజనం లేదన్నది పెట్ అనుసరించిన విధానం. ఆయన హయాంలో హిల్ స్ట్రీట్‌తో పాటు క్రాస్ స్ట్రీట్, కల్లాంగ్ ప్రాంతాలలో కేంద్రాలు రూపుదిద్దుకున్నాయి. వాటిలో ప్రధానమైనది హిల్ స్ట్రీట్‌లోని కేంద్ర అగ్నిమాపక కేంద్రం.

భవన నిర్మాణం 1908లో సాగింది. హైదరాబాదు నగరాన్ని మూసీ వరద ముంచెత్తిన సంవత్సరం కూడా అదే. సుమారు 64 వేల డాలర్ల వ్యయంతో భవనం పూర్తయి 1909లో విధులకు సిద్ధమైంది. ఎడ్వర్డ్ చక్రవర్తి కాలపు ఆంగ్ల వాస్తు శైలికి ఇది మంచి నమూనా. గోడలకు పూత పూయకుండా ఎర్ర ఇటుకను యథాతథంగా కనిపించేలా వదిలి, మధ్య మధ్య తెల్లని అడ్డపట్టీలు తీర్చారు. ఎరుపు తెలుపు చారల ఈ అలంకరణకు ఆంగ్లేయులు పెట్టుకున్న ముద్దుపేరు 'నెత్తురూ కట్టుగుడ్డా'. ప్రమాద స్థలాలకు పరుగులు తీసే శాఖ భవనానికి ఇంతకంటే తగిన పేరు దొరకదేమో! సమీపంలోని కథీడ్రల్ మద్రాసు సున్నంతో పాలరాయిలా మెరుస్తుంటే, ఈ భవనం ఇటుకను దాచకుండా నిలవడం ఒకే వీధి పరిసరాలలో రెండు తరాల నిర్మాణ అభిరుచులను చూపుతుంది.

అలంకరణ కంటే గమనింపదగినది భవనంలోని అమరిక. కింది అంతస్తు యావత్తూ శకటాలకే. వీధివైపు వెడల్పాటి ద్వారాలు వరుసగా తెరుచుకుంటాయి. శకటం ముందుకు నడిచి నేరుగా రోడ్డెక్కుతుంది, వెనుకకు తిప్పుకోవలసిన పని లేదు. పై అంతస్తులలో సిబ్బంది నివాసాలు. గంట మోగిన వెంటనే మెట్ల మీదుగా కాక, నున్నని ఇత్తడి స్తంభాన్ని పట్టుకొని జారి శకటం పక్కనే దిగే ఏర్పాటు ఉండేది. సిబ్బంది కుటుంబాలు సైతం కేంద్రం ఆవరణలోనే నివసించేవి. విధికీ ఇంటికీ నడుమ దూరం లేకపోవడమే నాటి సంసిద్ధతకు మూలం. సెలవు రోజైనా, అర్ధరాత్రి అయినా అందరూ కొన్ని అడుగుల దూరంలోనే ఉంటారు. నేటి ప్రమాణాలతో చూస్తే ఇది కుటుంబాల మీద మోపిన భారమే. అలారం మోతల నడుమ ఇల్లాలు వంట చేసుకోవాలి, పిల్లలు చదువుకోవాలి.

గుర్రాల నుంచి మోటారు శకటాలకు మారుతున్న సంధికాలంలో ఈ భవనం కట్టడం దాని దీర్ఘాయువుకు ఒక కారణమని భావించవచ్చు. గుర్రాల కోసం, గడ్డి కోసం కట్టిన కేంద్రాలు మోటార్లు రాగానే ఇరుకైపోయాయి. ప్రపంచంలోని అనేక నగరాలలో అటువంటి భవనాలు గిడ్డంగులుగానో, భోజనశాలలుగానో మారిపోయాయి. మోటారు యుగం గుమ్మంలో కట్టిన హిల్ స్ట్రీట్ భవనం ఆ విడత మార్పును తప్పించుకోగలిగింది.

గోపురం చేసిన పనులు

భవనానికి గుర్తింపు తెచ్చినది దాని నడినెత్తిన లేచిన గోపురం. చుట్టూ రెండంతస్తుల, మూడంతస్తుల ఇళ్లే ఉన్న రోజులలో హిల్ స్ట్రీట్‌లో దీనికి మించిన ఎత్తు లేదు. కావలివాడు పైన నిలబడి నలుదిక్కులా పొగ కోసం చూసేవాడు. కోట ఫిరంగి ఊరికంతటికీ చెప్పిన వార్తను గోపురం కావలివాడు శకటం నడిపేవానికి దిక్కుతో సహా చెప్పగలిగేవాడు. టెలిఫోన్లు, వీధి అలారాలు వచ్చేంత వరకు నిమిషాలను ఆదా చేసిన సాధనం ఈ చూపే.

ఆ కాలపు అగ్నిమాపక కేంద్రాలలో గోపురం ఉండడానికి మరో అవసరం కూడా ఉంది. అప్పటి నీటి గొట్టాలు మందపాటి కాన్వాసు గుడ్డతో నేసినవి. వాడిన తరువాత తడిగా చుట్టి పెడితే కుళ్లి, తరువాతి ప్రమాదంలో నీటి ఒత్తిడికి చిరిగిపోతాయి. నిలువునా వేలాడదీస్తేనే లోపలి నీరు కారిపోయి అంతటా సమానంగా ఆరుతాయి. ఏడాది పొడవునా తేమ, తరచు వానలు ఉండే సింగపూర్‌లో ఇది అత్యవసరం. అందుకు పొడవైన గోపురం కావాలి. కొత్తగా చేరినవారికి నిచ్చెనలు ఎక్కడం, తాళ్ల సాయంతో మనుషులను దించడం నేర్పేందుకూ అదే గోపురం. కృత్రిమ నూలు గొట్టాలు వచ్చిన తరువాత ఆరబెట్టే అవసరం తగ్గింది. ఎత్తైన కట్టడాల నడుమ కావలి చూపు కూడా ముగిసింది. శిక్షణ సైతం నగరం వెలుపలి పశ్చిమ ప్రాంతంలో 1999లో ప్రారంభమైన సివిల్ డిఫెన్స్ అకాడమీకి మారిపోయింది. గోపురానికి మిగిలినది రూపం. పని పోయిన భాగాన్ని రూపం కోసం నిలిపి, పని ఉన్న భాగాన్ని పని కోసం నడిపించడం ఈ భవన సంరక్షణలోని కీలకం.

యుద్ధం, బస్తీ మంటలు

1941 డిసెంబర్ 8 తెల్లవారుజామున జపాన్ విమానాలు సింగపూర్‌పై తొలి బాంబులు కురిపించాయి. 1942 ఫిబ్రవరి 15న బ్రిటిష్ సేనలు లొంగిపోయే వరకు గడిచిన పది వారాలు అగ్నిమాపక దళానికి విరామం లేని రోజులు. సాధారణ సిబ్బందికి తోడుగా స్వచ్ఛంద కార్యకర్తలతో సహాయక అగ్నిమాపక దళం పనిచేసింది. రేవు గిడ్డంగులు, చమురు నిల్వలు, వీధులకు వీధులు ఏకకాలంలో తగలబడుతుంటే, పగిలిన నీటి గొట్టాల నుంచి నీరు రాబట్టడమే పెద్ద సమస్యగా మారింది.

యుద్ధానంతర కాలంలో మంటలు కొత్త చోటికి మారాయి. వలస వచ్చిన పేదలు పట్టణం అంచులలో కంపోంగ్‌లుగా పిలిచే బస్తీలలో కొయ్య పలకలతో, తాటాకులతో ఇళ్లు కట్టుకున్నారు. 1959 ఫిబ్రవరి 13న తియోంగ్ బహ్రూ బస్తీలో రేగిన మంటలకు సుమారు 12 వేల మంది నిరాశ్రయులయ్యారు. రెండేళ్లకు అంతకు మించిన విపత్తు సంభవించింది. 1961 మే 25, బక్రీదు సెలవు దినం. మధ్యాహ్నం బుకిట్ హో స్వీ బస్తీలో అంటుకున్న నిప్పు గాలి తోడై రోడ్లను సైతం దాటి వ్యాపించింది. నలుగురు మరణించారు. దాదాపు 16 వేల మందికి నిలువ నీడ లేకుండా పోయింది. శకటాలు బస్తీ అంచుల వరకే వెళ్లగలిగాయి. లోపలికి దారి లేదు, కుళాయిలలో ఒత్తిడి లేదు. ఇళ్లలోని సామాను బయటకు లాగుతున్న జనం, ప్రమాదాన్ని చూడవచ్చిన జనం కలిసి ఉన్న కొద్ది దారులనూ మూసివేశారు.

అగ్నిమాపక కేంద్రం ఎంత దృఢంగా ఉన్నా, సిబ్బంది ఎంత చురుకైనవారైనా, వీధి వెడల్పు, నీటి ఒత్తిడి అనుకూలించకపోతే ఫలితం పరిమితమే అన్న వాస్తవాన్ని ఈ ఘటన తిరుగులేకుండా నిరూపించింది. సింగపూర్ ప్రభుత్వం కనుగొన్న పరిష్కారం శకటాల సంఖ్యకు సంబంధించినది కాదు, గృహ నిర్మాణానికి సంబంధించినది. 1960 ఫిబ్రవరిలో ఏర్పడిన గృహనిర్మాణ, అభివృద్ధి మండలి బుకిట్ హో స్వీ నిరాశ్రయులకు ఏడాది కాలంలో ఇళ్లు సమకూర్చింది. కాలిన నేల మీదనే ఇటుక, కాంక్రీటు అంతస్తుల ఇళ్లు లేచాయి. అమరావతి రాజధాని ప్రణాళిక సందర్భంగా 2014 తరువాత తెలుగు పత్రికలలో విస్తారంగా ప్రస్తావనకు వచ్చిన సింగపూర్ ప్రభుత్వ గృహవసతి విధానానికి తొలి పెద్ద పరీక్ష ఒక బస్తీ అగ్నిప్రమాదమే అన్న సంగతి అంతగా ప్రచారంలోకి రాలేదు.

అంతస్తులు పెరిగితే ప్రమాద స్వరూపం మారుతుంది. 1972 నవంబర్ 21 ఉదయం రాఫెల్స్ ప్లేస్‌లోని రాబిన్సన్స్ దుకాణ భవనంలో మంటలు లేచాయి. హిల్ స్ట్రీట్ కేంద్రం నుంచి నదిని దాటితే ఆ ప్రదేశం కిలోమీటరు పైచిలుకు దూరం మాత్రమే. అయినా సింగపూర్‌లో పేరుమోసిన ఆ దుకాణం దగ్ధమైంది. తొమ్మిది మంది ప్రాణాలు కోల్పోగా, వారిలో అధికులు లిఫ్టులలో చిక్కుకున్నవారు. ఇక్కడ కూడా నీటి ఒత్తిడి చాలలేదు. ప్రభుత్వం విచారణ సంఘాన్ని నియమించింది. నిప్పు అంటుకున్న తరువాత పరుగెత్తడం కంటే, భవన నిర్మాణ దశలోనే మెట్లు, లిఫ్టులు, విద్యుత్ తీగలు, నీటి ఏర్పాట్లను తనిఖీ చేయడం ముఖ్యమన్న దృష్టి నాటి నుంచి బలపడింది. టపాకాయలపై 1970లో విధించిన పాక్షిక నిషేధం సైతం 1972లో సంపూర్ణ నిషేధంగా మారింది.

1986 మార్చి 15న హోటల్ న్యూ వరల్డ్ భవనం క్షణాలలో కుప్పకూలి 33 మంది మృతి చెందారు. అది అగ్నిప్రమాదం కాకపోయినా అగ్నిమాపక శాఖ భవిష్యత్తును మార్చివేసింది. శిథిలాల కింది మనుషులను వెలికితీసే పనికి, మంటలను ఆర్పే పనికి వేర్వేరు సంస్థలు ఉండడం వల్ల సమన్వయ లోపం ఏర్పడుతుందని గుర్తించి, 1989 ఏప్రిల్‌లో అగ్నిమాపక సేవల శాఖను సింగపూర్ పౌర రక్షణ దళంలో విలీనం చేశారు. హిల్ స్ట్రీట్ కేంద్రం నామఫలకం మీద యాజమాన్యం మారింది. తలుపులు మారలేదు. మన రాష్ట్రాలలో సైతం ఈ శాఖలు నేడు విపత్తుల స్పందన, అగ్నిమాపక సేవలు అన్న జంట పేరుతో వ్యవహరిస్తుండడం ఇదే క్రమంలోని పరిణామం.

స్మారక కట్టడమైనా సెలవు లేదు

సింగపూర్‌లో స్మారక కట్టడాల పరిరక్షణ మండలి 1971లో ఏర్పడింది. 1973లో ప్రకటించిన తొలి జాబితాలో శ్రీ మారియమ్మన్ ఆలయం, సెయింట్ ఆండ్రూస్ కథీడ్రల్, అగ్నిమాపక కేంద్రానికి దాదాపు ఎదురుగా ఉన్న 1835 నాటి ఆర్మీనియన్ చర్చి చోటు చేసుకున్నాయి. దేవాలయాలు, చర్చిలు ముందు గుర్తుకు రావడం సహజం. రోజువారీ పాలన సాగే ప్రభుత్వ భవనాలకు వారసత్వ విలువ ఉంటుందన్న ఆలోచన నిదానంగా వచ్చింది. కేంద్ర అగ్నిమాపక కేంద్రం, దాని పక్కనే ఉన్న 1934 నాటి హిల్ స్ట్రీట్ పోలీసు స్టేషను ఒకేసారి 1998 డిసెంబర్ 18న జాతీయ స్మారక కట్టడాలయ్యాయి.

పక్కపక్కనే ఉన్న ఈ రెండు భవనాల తదనంతర చరిత్ర భిన్నంగా సాగడం ఆసక్తికరం. పోలీసులు ఖాళీ చేసిన భవనంలోని 927 కిటికీలకు ఇంద్రధనుస్సు రంగులు వేసి ప్రభుత్వ కార్యాలయాలకు కేటాయించారు. సమాచార మంత్రిత్వ శాఖ కొలువుదీరినది అందులోనే. పర్యాటకులు ఫొటోలు తీసుకునేది కూడా ఎక్కువగా ఆ కిటికీల ముందే. అగ్నిమాపక కేంద్రానికి రంగులు మార్చలేదు, విధులు మార్చలేదు. ఒక భవనం కొత్త పని వెదుక్కోగా, రెండవది పాత పనినే నిలుపుకుంది. రెండు పద్ధతులూ సమర్థనీయమే. అయితే రెండవది కష్టతరమైనది. స్మారక కట్టడం గోడను ఇష్టానుసారం పగలగొట్టరాదు, ద్వారం వెడల్పు పెంచరాదు. శకటాలు మాత్రం ఏటా కొత్తవి వస్తాయి. నగరం నడిబొడ్డున రద్దీ వీధులలో దూసుకుపోగల చిన్న శకటాలను, మోటారు సైకిళ్లను సింగపూర్ దళం ప్రవేశపెట్టడానికి ప్రధాన కారణం రహదారులే అయినా, పాత భవనాల పరిమితులకు కూడా అవి అనువుగా ఉన్నాయి. 'రెడ్ రైనో'గా పిలిచే తేలికపాటి శకటం అటువంటిదే.

నిర్ణయం వెనుక ఉన్న లెక్క భావోద్వేగానికి సంబంధించినది మాత్రమే అనుకోరాదు. అత్యవసర పిలుపు అందిన తరువాత ఎన్ని నిమిషాలలో చేరుకోగలరన్నదే అగ్నిమాపక కేంద్రానికి అసలు కొలమానం. ఆ ప్రకారం చూస్తే నగర కేంద్రంలోని స్థలం విలువ దాని మార్కెట్ ధరలో కాక, దాని నుంచి చేరగలిగిన వీధులలో ఉంటుంది. వాణిజ్య స్థలంగా అమ్మి, వచ్చిన సొమ్ముతో ఊరి బయట విశాలమైన కేంద్రం కట్టడం పద్దు పుస్తకంలో లాభంగా కనిపించవచ్చు. కోల్పోయిన నిమిషాలను ఏ పద్దులోనూ రాయరు. రాజ్యాంగం పన్నెండవ షెడ్యూలులో అగ్నిమాపక సేవలను పురపాలక విధులలో ఒకటిగా చేర్చిన మన దేశంలోనూ, పట్టణాల మధ్యనున్న పాత కేంద్రాల విషయమై నిర్ణయాలు తీసుకునే అధికారులకు ఈ కోణం ఉపకరిస్తుంది. ఉన్నచోట కొనసాగించాలంటే పాటించవలసిన షరతు కూడా హిల్ స్ట్రీట్‌లో స్పష్టమే. కేంద్రం ముందు రహదారి ఎల్లవేళలా ఖాళీగా ఉండాలి. వీధిలో బండ్లు అడ్డంగా నిలిపిన చోట ఎంత ప్రాచీన భవనమైనా, ఎంత నూతన శకటమైనా ఒకటే.

భవనంలో కొంత భాగాన్ని 2001లో పౌర రక్షణ వారసత్వ ప్రదర్శనశాలగా తీర్చిదిద్దారు. పాతకాలపు పంపులు, ఇత్తడి శిరస్త్రాణాలు, గంటలు, వివిధ కాలాల శకటాలు, బుకిట్ హో స్వీ వంటి దుర్ఘటనలకు సంబంధించిన ఛాయాచిత్రాలు ఇందులో ఉన్నాయి. ప్రవేశ రుసుము లేదు. పాఠశాల విద్యార్థుల బృందాలు తరచుగా సందర్శిస్తుంటాయి. ప్రదర్శనశాల ఒక వైపు, విధుల్లో ఉన్న శకటాలు మరొక వైపు. అత్యవసర పిలుపు వచ్చినపుడు ద్వారాల ముందున్న సందర్శకులు పక్కకు తప్పుకొని దారి ఇవ్వవలసి ఉంటుంది.